బాస్కెట్‌బాల్ ఒంటిమీది బొడిపెలు

వేసవి సెలవులు మొదలైతే నారాయణగూడ వై.ఎం.సి.ఏ. పేరు చెప్పగానే హైదరాబాద్ పిల్లలకు బాస్కెట్‌బాల్ గుర్తొస్తుంది. కొత్తగా ఆట నేర్చుకునే పిల్లలకు ఏ కోర్టులోనైనా పడే మొదటి మందలింపు ఒకటే: "బాల్ గట్టిగా పట్టుకో!" పాస్ జారవిడిచిన పిల్లవాడు అరచేతులు నిక్కరుకు తుడుచుకుని, లోపం తన చేతుల్లోనే ఉందనుకుంటాడు. చాలాసార్లు ఆ లోపం బంతి పైపొరలో ఉంటుంది. బంతి చేతికి ఎలా అందాలన్న ప్రశ్నతో తయారీదారులు, ఆటగాళ్లు, శాస్త్రజ్ఞులు వందేళ్లకు పైగా కుస్తీ పడుతూనే ఉన్నారు.

ఈ ఆట పుట్టింది కూడా వై.ఎం.సి.ఏ.లోనే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఏ. శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడికి ఒక పని అప్పగించారు. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోదగ్గ ఆట కావాలి. ఆయన పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని పది అడుగుల ఎత్తున బిగించి, 13 నియమాలు రాసి, విద్యార్థుల చేతికి ఒక ఫుట్‌బాల్ ఇచ్చాడు. ఆ కళాశాలలోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. అక్కడ తర్ఫీదు పొందిన డ్రిల్లు మాస్టార్లు దక్షిణాది బడుల్లో ఆటలు నేర్పారు.

నైస్మిత్ నియమాల ప్రకారం బంతి పట్టుకుని పరుగెత్తకూడదు. అందుకున్నచోటే నిలబడి ఇంకొకరికి విసరాలి. రెండు చేతులా పొదివి పట్టుకునే ఆ ఆటకు ఫుట్‌బాల్ సరిపోయింది. 1894 ప్రాంతంలో స్పాల్డింగ్ కంపెనీ ఈ ఆటకోసమే ప్రత్యేకంగా బంతి తయారుచేసింది. తోలు ముక్కలు కుట్టి, లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, పైన లేసు బిగించేవారు. ఆ లేసు ఉన్న వైపు నేలకు తగిలితే బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం. బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగే డ్రిబ్లింగ్ ఆటలోకి వచ్చాక ఇది పెద్ద చిక్కయింది. రబ్బరు బ్లాడరు చుట్టూ దారం చుట్టి, దానిమీద పొరలు అతికించి అచ్చులో పోసినట్టు గుండ్రంగా చేసే పద్ధతి వచ్చాక ఎగురుడు కుదుటపడింది. ఇక మిగిలింది పట్టు.

పట్టు అంటే ఘర్షణ. చర్మానికీ బంతికీ మధ్య ఘర్షణ తేమను బట్టి మారిపోతుంది. బాగా పొడిగా ఉన్న వేలు జారుతుంది. కాస్త తడి తగిలితే చర్మం మెత్తబడి బాగా అంటుకుంటుంది. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టేవాళ్లు వేలిని తడి స్పాంజికి అద్దుకునేది ఇందుకే. తడి మరీ ఎక్కువైతే చర్మానికీ వస్తువుకూ మధ్య నీటిపొర నిలిచి మళ్లీ జారుడు మొదలవుతుంది. నున్నటి బంతిమీద చెమట పడితే ఆ నీరు పోవడానికి దారి ఉండదు. బంతి పైపొరమీద చిన్న చిన్న బొడిపెలుంటే చెమట వాటి మధ్య పల్లాల్లోకి దిగిపోతుంది. వేలు బొడిపెల శిఖరాలను తాకుతూనే ఉంటుంది. పైగా మెత్తటి వేలికొస ఆ పల్లాల్లోకి కొద్దిగా దిగబడుతుంది కాబట్టి పక్కకు జారాలంటే కండ నలగాల్సిందే. ఆ నలుగుడే అదనపు పట్టు.

బంతిమీది నల్లటి గాడుల పని వేరు. షాట్ వదిలే చివరి క్షణంలో వేలికొసలు ఆ గాడి అంచును పట్టి వెనక్కి లాగితే బంతి వెనక్కి తిరుగుతూ వెళుతుంది. అలా తిరిగే బంతి రింగుకో బోర్డుకో తగిలినప్పుడు వేగం తగ్గి, బుట్టలో పడే అవకాశం పెరుగుతుంది. కాబట్టి మంచి బంతి చేతిని అంటిపెట్టుకోవాలి, అడిగిన క్షణంలో వదలాలి కూడా.

లాన్ బౌల్స్ ఆటలో ఇదే సమస్య మరింత కఠినం. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో నలుగురు భారత మహిళలు స్వర్ణం గెలిచాకే మనలో చాలామందికి ఆ ఆట పేరు తెలిసింది. అందులో దొర్లించే బౌల్ అనే బంతి బరువు కిలోన్నర దాకా ఉంటుంది. పూర్తి గుండ్రంగా ఉండదు. ఆ ఆకారం వల్లే గడ్డిమీద వంపు తిరుగుతూ దొర్లుతుంది. ఒకప్పుడు లిగ్నమ్ వైటే అనే అతిగట్టి కలపతో చెక్కేవారు. 1918లో మెల్‌బోర్న్‌లో హెన్సెల్ అనే తయారీదారుడు గట్టి రబ్బరుతో చేశాడు. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. అది నున్నగా ఉంటుంది, దానికి తోడు గడ్డి తేమ. దొర్లే భాగంమీద గాట్లు పెడితే దారి చెడుతుంది. అందుకే రెండు పక్కలా, నేలకు తగలని చోట మాత్రమే వలయాలుగా గుంటలు చెక్కుతారు. బొటనవేలు, నడిమివేలు వాటిలో కుదురుకుంటాయి. ఆటగాళ్లు తమ చేతి కొలతను బట్టి సైజు ఎంచుకుంటారు.

మళ్లీ బాస్కెట్‌బాల్‌కు వస్తే, చేతి మాట వినకపోతే ఏమవుతుందో 2006లో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్.బి.ఏ. చూసింది. తోలు బంతి తీసేసి మైక్రోఫైబర్ బంతి తెచ్చింది. వేళ్లు కోసుకుపోతున్నాయనీ, చెమట పట్టగానే జారుతోందనీ ఆటగాళ్లు మొత్తుకున్నారు. డాలస్ జట్టు అప్పటి యజమాని మార్క్ క్యూబన్ కోరికపై ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్తలు పరీక్షలు చేశారు. తోలు తడిని పీల్చుకుంటుంది, కొత్త బంతి పీల్చుకోదు, అందుకే అది తడిస్తే జారుతుందని తేలింది. 2007 జనవరి 1 నుంచి తోలు బంతి తిరిగొచ్చింది. ప్రయోగశాల కంటే ముందే ఆ సంగతి వేళ్లకు తెలిసింది.

మన ఊరికి ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. బయటి సిమెంటు కోర్టుమీద తోలు బంతి త్వరగా పాడవుతుంది. అక్కడ రబ్బరు బంతే మేలు. అదీ కొన్నాళ్లకు బొడిపెలు అరిగి నున్నబడుతుంది. మే నెల ఎండ, చెమట, దుమ్ము కలిస్తే అలాంటి బంతిని ఎంతటివాడైనా అదుపులో పెట్టలేడు. సైజు కూడా అంతే ముఖ్యం. పురుషుల 7వ నంబరు బంతి చుట్టుకొలత 750 నుంచి 770 మిల్లీమీటర్లు, బరువు 580 నుంచి 620 గ్రాములు. మహిళల 6వ నంబరు 715 నుంచి 730 మిల్లీమీటర్లు, 510 నుంచి 550 గ్రాములు. చిన్నపిల్లలకు 5వ నంబరు ఉంది. అయినా చాలా బడుల్లో అందరికీ ఒకే పెద్ద బంతి, అదీ అరిగిపోయింది, ఇచ్చేస్తున్నారు.

పదేళ్ల అమ్మాయి చేతిలో బంతి నిలవకపోతే ముందు బంతిని తడిమి చూడాలి. బొడిపెలు వేలికి తగలకపోతే దాన్ని పక్కన పెట్టాలి. ఆమెకు సరిపోయే సైజు ఇవ్వాలి. ఆడే ముందు తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. బడి ఆటవస్తువుల ఖర్చులో ఏటా రెండు మంచి బంతులకు చోటుండాలి. ఆట రాదని ఏ బిడ్డనైనా బెంచీమీద కూర్చోబెట్టే ముందు ఈ చిన్న పరీక్ష చేయడం పెద్దల బాధ్యత.