పూలరసపు ఫోటోలు - మన రంగు నూలు

మా సంఘపు అమ్మకపు డిపోలో అద్దాల బీరువా ఎండకు ఎదురుగా ఉన్నది. పసుపుతో రంగు వేసిన తువాలు ఒకటి అందులో మూడు వారములు వేలాడినది. ధర చీటీ తీసి చూడగా, చీటీ కింద మాత్రము రంగు నిలిచి, చుట్టూ అంతా పాలిపోయి ఉన్నది. నష్టము మాదే. అయితే తెలియకుండానే మేము ఒక ఫోటో తీసినాము.

ఇది హాస్యమునకు అన్న మాట కాదు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్ 1842లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన వ్యాసమున ఈ పద్ధతినే వివరించినారు. పూరేకులను నూరి, ఆల్కహాలు కలిపి, రసము తీసి కాగితమునకు పూసి ఆరబెట్టవలెను. దానిపై ఆకునో, అచ్చు బొమ్మనో పరచి, అద్దముతో అదిమి ఎండలో పెట్టవలెను. ఎండ తగిలిన చోట రంగు చెడిపోవును. నీడ పడిన చోట నిలుచును. అదే బొమ్మ. పసుపు కాగితమునకు మంచి ఎండలో కొన్ని గంటలు చాలును. కొన్ని పూలరసములకు వారములు పట్టును. దీనిని ఆంథోటైపు అందురు.

విచిత్రమేమనగా, వెండి ఫోటోలను హైపోతో నిలుపు ఉపాయమును 1839లో ఫోటోగ్రాఫర్లకు తెలిపినది కూడ ఈ హెర్షెలే. పూలరసపు బొమ్మకు మాత్రము అటువంటి మందు దొరకలేదు. వెలుతురు తగిలిన కొద్దీ అదియు వెలిసిపోవును. ఈ చెడిపోవు గుణమునే కొందరు కళగా తీసుకున్నారు. వియత్నాములో పుట్టి అమెరికాలో స్థిరపడిన బిన్ డాన్, ఆ దేశపు యుద్ధకాలపు ఫోటోలను పచ్చని ఆకులపైనే ఎండతో ముద్రించి, అవి చెడకుండ రెజినులో పోత పోసినారు.

కళాకారునికి గుణమైనది మనకు దోషము. "సహజ రంగులు" అని చీటీ కట్టి అమ్మునపుడు, కొనువారు ఆ రంగు నిలుచునని నమ్మి డబ్బు ఇత్తురు. నీలిమందు, పటికతో పట్టించిన చిరివేరు ఎరుపు ఎండకు చాలవరకు ఓర్చును, పసుపు ఓర్వదు. ప్రయోగశాలలలో 8 నీలపు ఉన్ని పట్టీలను పక్కన ఉంచి, పోల్చి చూచి, రంగుకు 1 నుండి 8 వరకు అంకె వేయుదురు. మనకు ప్రయోగశాల లేకున్నను ఎండ కలదు. కొత్త రంగు వేసిన ప్రతిసారి కొంచెము నూలు అట్టకు చుట్టి, సగము నల్ల కాగితముతో కప్పి, తేదీ వ్రాసి ఒక వారము ఎండలో ఉంచవలెను. కాగితము తీసినపుడు గీత స్పష్టముగా కనబడినచో, దానిని గట్టి రంగని చెప్పి అమ్మరాదు.

ఆ తువాలును మేము రంగు తొట్ల వద్ద కట్టి ఉంచినాము. చీటీ గుర్తు కూడ నానాటికి పాలిపోవుచున్నది. అది చెరిగిపోకముందే సభ్యులందరు వచ్చి చూడవలెనని కోరుచున్నాము.