బిరుసు తెలిస్తేనే బాణానికి దూరం

విల్లు ఎంత బలమైనదైనా, అందుకు తగిన బిరుసు లేని కర్ర బాణం దూరం పోదు. గురిని కాక దూరాన్నే గెలుపుగా లెక్కించే ‘ఫ్లైట్’ విలువిద్యలో ఈ సంగతి మరింత స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఈకలు అతికించక ముందే ప్రతి బాణపు కాడనూ వంచి పరీక్షిస్తారు.

అల్లెతాడు వదిలిన క్షణంలో బాణం తిన్నగా ఉండదు. వెనుక నుంచి పడే తోపుకు నడుమ వంగి, వింటి పిడిని చుట్టి వచ్చినట్లు దాటి, చేపలా ఊగుతూ సాగుతుంది. కాడ మరీ మెత్తనైతే ఆ ఊపు మితిమీరి, గాలి అడ్డు పెరిగి వేగం హరించుకుపోతుంది. మరీ బిరుసైతే పిడిని ఒరుసుకొని దారి తప్పుతుంది. బాణాన్ని వింటికి ఎడమవైపు ఆనించి వేసే కుడిచేతివాటం విలుకాడికి మెత్తని బాణం కుడికి, బిరుసు బాణం ఎడమకు తొలగడం సాధారణం.

పరీక్ష సులువైనదే. 26 అంగుళాల ఎడంలో ఉన్న రెండు ఆధారాలపై కాడను ఉంచి, సరిగ్గా నడుమ 2 పౌండ్ల బరువు, అంటే సుమారు 907 గ్రాములు వేలాడదీస్తారు. నడుమ ఎన్ని అంగుళాలు దిగిందో కొలిచి, 26ను ఆ కొలతతో భాగిస్తారు. 0.52 అంగుళం దిగితే 50 వస్తుంది. ఆ కాడ సుమారు 50 పౌండ్ల వింటికి తగినదన్నమాట. కార్బన్ బాణాలపై ఉండే అంకెల తీరు ఇందుకు విరుద్ధం. అక్కడ ఎడం 28 అంగుళాలు, బరువు 880 గ్రాములు. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. ఈ రెండు లెక్కలనూ కలిపి చూస్తే తికమక తప్పదు.

కర్రలోని వార్షిక వలయాల వల్ల ఒకే కాడ రెండు దిక్కుల్లో రెండు రకాలుగా వంగవచ్చు. కాబట్టి వింటికి ఆనే పక్కను పైకి పెట్టి కొలవాలి.

అసలు చిక్కు దూరం కోసం బాణాన్ని తేలిక చేయడంలోనే ఉంది. కాడ మందం 5 శాతం తగ్గిస్తే బిరుసు 18 శాతానికి పైగా పడిపోతుంది. దీనికి ఒట్టోమన్ తురుష్కుల పనివారు కనుగొన్న ఉపాయం నడుమ లావుగా, కొనల వద్ద సన్నగా ఉండే పైన్ కర్ర బాణం. వంపు ఒత్తిడి ఎక్కువగా పడే చోట కర్ర నిలిచి, మిగిలిన చోట బరువు తగ్గింది. ఇస్తాంబుల్‌లోని ఓక్‌మేదాన్‌లో నాటి రికార్డు దూరాలకు గుర్తుగా రాళ్లు నిలిపారు.

బాణం పొడవు పెరిగినా, ములికి బరువెక్కినా కాడ మరింత మెత్తగా ప్రవర్తిస్తుంది. అందువల్ల పరీక్షలో వచ్చిన అంకె ఎంపికకు తొలి మెట్టు మాత్రమే. తుది నిర్ణయం మైదానంలోనే.

వంచినప్పుడు చిన్న పగులు కనిపించినా ఆ కాడను అక్కడే విరిచి పారవేయాలి. తాడు వదిలే క్షణంలో విరిగితే ఆ ముక్క విల్లు పట్టిన చేతిలోనే దిగవచ్చు.