రాత్రి రైలు కింద పట్టా బిగుసుకునే వేళ

డిసెంబరు నెల. సికింద్రాబాద్ నుంచి దిల్లీ వెళ్లే రైలు నాగపూర్, ఇటార్సీ, భోపాల్ దాటి రాత్రివేళ ఝాన్సీ వైపు పరుగెడుతోంది. స్లీపర్ బోగీలో లైట్లు ఆరిపోయాయి. కిటికీ సందుల్లోంచి చలిగాలి కొడుతుంటే ప్రయాణికులు దుప్పట్లు తలమీదికి లాక్కున్నారు. ఒకప్పుడు ఇలాంటి రాత్రుల్లో జోలపాటలా వినిపించిన 'టకటక... టకటక' చప్పుడు ఇప్పుడు ప్రధాన మార్గాల్లో దాదాపు లేదు. అది మాయం కావడం వెనుక ఆసక్తికరమైన భౌతికశాస్త్రం ఉంది. చలిరాత్రి నిద్రమానుకుని పట్టాల వెంట నడిచే మనుషుల శ్రమ కూడా ఉంది.

అతుకు చేసిన చప్పుడు

ఆ చప్పుడు పట్టాల అతుకులది. పూర్వం 13 మీటర్ల పట్టాలను వరుసగా పరిచి, ఫిష్ ప్లేట్లు అనే ఉక్కు పలకలతో, బోల్టులతో కలిపేవారు. ఉక్కు వేడికి సాగుతుంది, చలికి కుదించుకుంటుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 13 మీటర్ల పట్టా సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే రెండు పట్టాల మధ్య కొద్దిపాటి ఖాళీ వదిలేవారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలులో ఒక్కో చక్రం సెకనుకు రెండు అతుకులు దాటుతుంది. దాటిన ప్రతిసారీ ఒక దెబ్బ.

వినడానికి బాగున్నా ఆ దెబ్బ మంచిది కాదు. పట్టా కొసలు అరిగిపోతాయి, బోల్టులు వదులవుతాయి, అతుకు కింద కంకర కుంగుతుంది. అందుకే ఆ ఖాళీలను తొలగించి పట్టాలను వెల్డింగ్‌తో కలపడం మొదలైంది. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఇప్పుడు 130 మీటర్ల పట్టాలు తయారవుతున్నాయి. రెండేసి అతికి 260 మీటర్ల ప్యానెళ్లుగా పంపుతారు. మార్గం మీద వాటిని మళ్లీ కలుపుతారు. ఇందుకు వాడే థర్మిట్ వెల్డింగ్‌లో అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ కలిసి మండుతాయి. ఆ వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. కరిగిన ఉక్కు రెండు కొసల మధ్య పడి గట్టిపడుతుంది.

సాగనివ్వకపోతే ఏమవుతుంది?

ఇక్కడే ఒక చిక్కు. 40 డిగ్రీల తేడాకు కిలోమీటరు పట్టా దాదాపు అర మీటరు సాగాలి. ఖాళీలు లేకపోతే ఆ అర మీటరు ఎటు పోవాలి?

ఎటూ పోదు. పట్టాను కదలనివ్వరు. దాని కింద అడ్డంగా ఉండే కాంక్రీటు దిమ్మెలను కూడా స్లీపర్లనే అంటారు. ఒక్కోటి పావు టన్నుకు మించిన బరువుతో, కిలోమీటరుకు సుమారు 1,660 చొప్పున ఉంటాయి. స్ప్రింగులాంటి క్లిప్పులు పట్టాను ఈ దిమ్మెలకు అదిమి ఉంచుతాయి. దిమ్మెలను చుట్టూ ఉన్న కంకర కదలనివ్వదు. పొడవైన వెల్డింగ్ పట్టాలో రెండు చివర్ల దగ్గర కొంత భాగమే కదులుతుంది. అక్కడ అందుకు ప్రత్యేకమైన జాయింట్లు అమర్చుతారు. మధ్య భాగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

కదలిక ఆగినా బలం పోదు, పట్టాలోనే ఉండిపోతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో 40 డిగ్రీల తేడాకు పుట్టే బలం దాదాపు 75 టన్నులు. వేసవి మధ్యాహ్నం అది పట్టాను రెండువైపుల నుంచి నొక్కుతుంది. శీతాకాలపు తెల్లవారుజామున రెండువైపులకూ లాగుతుంది. నొక్కుడు మితిమీరితే పట్టా పక్కకు వంకర తిరుగుతుంది, లాగుడు మితిమీరితే తెగుతుంది. అందుకే ఆ ప్రాంతపు ఎండకూ చలికీ మధ్యస్థంగా ఉండే ఒక ఉష్ణోగ్రతను ఎంచుకుని, పట్టాలో ఏ ఒత్తిడీ లేని స్థితిలో దాన్ని బిగిస్తారు.

తెల్లవారుజామున నడక

ఇంత చేసినా వెల్డింగ్‌లో చిన్న లోపం మిగిలిపోవచ్చు. వేల చక్రాల బరువుకు వెంట్రుకంత పగులు మెల్లగా పెరగవచ్చు. వీటిని పసిగట్టడానికి చెవికి వినపడని శబ్దతరంగాలను పట్టాలోకి పంపి పరీక్షిస్తారు. చాలాచోట్ల సిగ్నళ్ల కోసం పట్టాల గుండా స్వల్ప విద్యుత్తు ప్రవహిస్తుంటుంది. పట్టా పూర్తిగా తెగి ఆ ప్రవాహం ఆగితే సిగ్నల్ ఎరుపు రంగుకు మారుతుంది. కానీ ఈ ఏర్పాటు అన్నిచోట్లా లేదు. పగులు ఉన్నా పట్టా పూర్తిగా విడిపోనంతవరకు విద్యుత్తు ప్రవహిస్తూనే ఉండవచ్చు.

అందుకే చలికాలంలో రాత్రి గస్తీ తప్పదు. పట్టా బాగా చల్లబడేది సూర్యోదయానికి ముందు. సరిగ్గా ఆ వేళకే ఉత్తర భారతంలో పొగమంచు దట్టంగా కమ్ముకుంటుంది. ట్రాక్ సిబ్బంది చేతిదీపం, జెండాలు, డిటొనేటర్లు, జీపీఎస్ పరికరంతో తమకు అప్పగించిన దూరం నడుస్తారు. పట్టా తెగి కనిపిస్తే ముందు రైలును ఆపాలి. పూర్తి వేగంతో ఉన్న రైలు ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. అందువల్ల తెగినచోటికి 600 మీటర్ల దూరంలో ఒక డిటొనేటర్, 1,200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు డిటొనేటర్లు పట్టా మీద పెట్టాలన్నది నియమం. చక్రం ఎక్కగానే అవి టపాసుల్లా పేలతాయి. మంచులో ఎర్రదీపం కనిపించకపోయినా ఆ పేలుడు లోకోపైలట్‌కు వినిపిస్తుంది. తరువాత తెగిన భాగానికి ప్రత్యేకమైన ఫిష్ ప్లేట్లు, క్లాంపులు బిగించి, శాశ్వత మరమ్మతు జరిగేదాకా రైళ్లను నెమ్మదిగా పంపుతారు.

ఇదంతా బోగీలో నిద్రపోతున్నవారికి తెలియదు. తెల్లవారి, రైలు రెండు గంటలు ఆలస్యమని తెలిసి, టీ కప్పు చేతిలో పట్టుకుని విసుక్కుంటారు. ఆ ఆలస్యానికి చాలాసార్లు పొగమంచే కారణం. అప్పుడప్పుడు మాత్రం, వెనక ఎక్కడో చీకట్లో ఒక మనిషి దీపం ఎత్తి పట్టా వైపు వంగి చూసి ఉంటాడు.