అరవై సెకన్ల పరుగు

పరుగు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది స్కూల్లో ఆటల పోటీలు. పెళ్లయి, పిల్లలు పుట్టి, దేశం మారాక ఇక మనం చేసే పరుగల్లా గేటు మూసేలోపు పిల్లల్ని బడికి చేర్చడానికే. వ్యాయామం కోసం పరుగెత్తడమంటే అది సన్నగా ఉండేవాళ్ల పని, చిన్నప్పటి నుంచి ఆటలాడినవాళ్ల పని అనిపిస్తుంది. పదిహేనేళ్లుగా పరుగు అన్న మాటే ఎరగని ఒక మామూలు ఇల్లాలు 36 ఏళ్ల వయసులో ఎలా మొదలుపెట్టవచ్చో చెబుదామని ఇది రాస్తున్నాను.

మేము ఇంగ్లండులో మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. నేను బి.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చదివాను. ఇప్పుడు ఇల్లు, ఇద్దరు పిల్లలే నా ఉద్యోగం. రెండో కాన్పు సమయంలో నాకు షుగరు వచ్చి, బాబు పుట్టగానే పోయింది. అలా వచ్చి పోయినవాళ్లకు తర్వాత టైప్ 2 షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఇక్కడ ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకోమంటారు. ఐదేళ్లు మామూలుగానే వచ్చింది. కిందటేడాది మార్చిలో 43 వచ్చింది. ఇక్కడి లెక్కలో 42 నుంచి 47 వరకు షుగరుకు ముందు దశ, 48 నుంచి షుగరే. మన దగ్గర చెప్పే శాతాల్లో నాది 6.1.

మా అమ్మకు 45 ఏళ్లకే షుగరు వచ్చింది. ఇప్పుడు రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకుంటుంది. అప్పటికి మా చిన్నవాడికి ఆరేళ్లు. ఆ కాగితం చూసినప్పుడు నాకు వాడి వయసు, అమ్మ ఇన్సులిన్ సూది రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి.

నర్సు ఒక మాట చెప్పింది. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువుకే షుగరు ముప్పు మొదలవుతుంది కాబట్టి, బీఎంఐ 25 దాకా ఫరవాలేదనే లెక్క మనకు పనికిరాదు. మనకు 23 నుంచే జాగ్రత్త మొదలు కావాలి. "లావుగా లేను కదా" అనే ధైర్యం మనవాళ్లకు అంతగా చెల్లదన్నమాట. వారానికి 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం కానీ, 75 నిమిషాలు గట్టి వ్యాయామం కానీ చేయాలని ఇక్కడి ఆరోగ్యశాఖ సలహా.

నేను ఎంచుకున్నది 'కౌచ్ టు 5కె'. సోఫాలోంచి లేచి ఐదు కిలోమీటర్ల పరుగు దాకా అని అర్థం. జోష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో దీన్ని తయారుచేశాడు. వాళ్లమ్మ చేత పరుగు మొదలుపెట్టించాలన్నది అతని కోరిక. ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్ దీన్ని ఉచిత యాప్‌గా ఇస్తోంది. ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నడవాలో చెవిలో చెబుతూ ఉంటుంది. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట.

మొదటి వారం ఇలా ఉంటుంది. ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడక. తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా 20 నిమిషాలు. లెక్కేస్తే ఆ రోజు మొత్తం పరుగెత్తేది 8 నిమిషాలే. రెండో వారం 90 సెకన్లు పరుగు, 2 నిమిషాలు నడక. మూడో వారంలో 3 నిమిషాలు, నాలుగో వారంలో 5 నిమిషాలు ఆగకుండా పరుగెత్తిస్తారు. అలా పెరుగుతూ తొమ్మిదో వారానికి అరగంట పరుగు అవుతుంది.

ఇందులో అసలు కిటుకు వేగం కాదు, నిదానం. పరుగెత్తుతూ పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే ఇంకా తగ్గించాలి. మొదట్లో నా పరుగు ఎంత నెమ్మదంటే, కుక్కను తీసుకుని నడిచే ఒక పెద్దాయన నన్ను దాటి వెళ్లిపోయేవారు. ఫరవాలేదు. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాలను వాటితో కలిపే నరాల్లాంటి పట్టీలకు మాత్రం ఎక్కువ కాలం పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని రోజూ పరుగెత్తితే మోకాళ్లు, పిక్కల ముందు ఎముకలు నొప్పెడతాయి. అందుకే పరుగుకీ పరుగుకీ మధ్య ఒక రోజు విశ్రాంతి తప్పనిసరి.

షుగరు సంగతికొస్తే, మామూలుగా గ్లూకోజు కండరంలోకి వెళ్లాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. కండరం పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలోంచి గ్లూకోజు లాక్కోగలదు. మన శరీరంలో పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. నడకా, పరుగూ పనిచేయించేది వాటినే.

ఫోన్లో అమ్మతో చెబితే, "ఇంటెడు చాకిరీ చేస్తున్నావు, అది చాలదా అమ్మా? మళ్లీ రోడ్డు మీద పరుగులెందుకు?" అంది. మనకు మనమే చెప్పుకునే మాట కూడా ఇదే. ఇంటి పనిలో అలసట ఉంటుంది, నిజమే. కానీ వంటింట్లో నాలుగడుగులు వేసి ఆగుతాం, మళ్లీ కదులుతాం. గుండె వేగం పెరిగి అరగంట పాటు అలాగే నిలబడటం అరుదు. ఒళ్లు అలిసినంత మాత్రాన గుండెకు వ్యాయామం అయినట్టు కాదు.

ఇక టైము. నేను బూట్లు వేసుకునే పిల్లల్ని బడికి దింపేదాన్ని. గేటు దగ్గర నుంచే నడక మొదలు. ఒకసారి ఇంట్లోకి వచ్చామా, సింకులో గిన్నెలు, మడతపెట్టాల్సిన బట్టలు కనిపిస్తాయి, ఇక బయటికి కదలం. ఊరంతా ఉన్న ఎర్రరంగు రెడ్‌వే దారుల్లో కార్లు ఉండవు కాబట్టి భయం లేదు. అటునుంచి విల్లెన్ లేక్ గట్టు. బాతులు తప్ప మనల్ని పట్టించుకునేవాళ్లు లేరు.

మన ఆడవాళ్లకు పనికొచ్చే నాలుగు సంగతులు. మెట్టెలు బూటులో వేలిని ఒరుసుకుంటాయి. సన్నవి వేసుకుని, మందపాటి సాక్సు తొడుక్కుంటే సరిపోతుంది. నల్లపూసలు ఎగిరెగిరి పడకుండా టీషర్టు లోపలికి వేసుకోవాలి. బూట్ల తర్వాత డబ్బు పెట్టాల్సింది మంచి స్పోర్ట్స్ బ్రా మీద. టిఫిను తిన్న రెండు గంటల వరకు వద్దు. ఆకలేస్తే సగం అరటిపండు చాలు.

ఎవరూ చెప్పుకోని ఇంకో సంగతి. కాన్పుల తర్వాత దగ్గినా, గెంతినా, పరుగెత్తినా రెండు చుక్కలు మూత్రం కారడం చాలామందికి ఉంటుంది. సిగ్గుపడి పరుగు మానేయక్కర్లేదు. మూత్రం ఆపుకున్నట్టు ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజూ చేయాలి. అయినా తగ్గకపోతే డాక్టరును అడగండి, ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపుతారు. ఇది వయసు తెచ్చే ఖర్మ కాదు, వైద్యం ఉన్న ఇబ్బంది.

ఐదో వారం మూడో రోజు దగ్గర చాలామంది ఆగిపోతారు. అంతకుముందు రోజు 8 నిమిషాలు రెండుసార్లు పరుగెత్తిన మనిషిని, ఆ రోజు ఆగకుండా 20 నిమిషాలు పరుగెత్తమంటారు. ఆ వారమే మావాడికి జ్వరం, తర్వాత బడికి సెలవులు. రెండు వారాలు గడిచాక నాలుగో వారం నుంచి మళ్లీ మొదలుపెట్టాను. తొమ్మిది వారాల కార్యక్రమం నాకు పన్నెండు వారాలు పట్టింది. యాప్ ఏమీ అనదు. వెనక్కి వెళ్లి ఒక వారాన్ని తిరిగి చేయడం కూడా ఇందులో భాగమే.

అరగంట పరుగెత్తగలిగిన రోజు నేను వెళ్లిన దూరం మూడున్నర కిలోమీటర్లు. పేరులో ఐదున్నా ముఖ్యమైనది అరగంటే. మిగతా దూరం పార్క్‌రన్‌లో పూర్తయింది. 2004లో లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైన ఈ ఉచిత పరుగు ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఇంగ్లండులో ప్రతి శనివారం ఉదయం 9 గంటలకు, ఐదు కిలోమీటర్లు. ఒకసారి పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ తీసుకెళ్తే చాలు. నడిచినా ఫరవాలేదు. అందరికంటే వెనక ఒక వాలంటీరు నడుస్తారు కాబట్టి మనం ఎప్పటికీ ఆఖరివాళ్లం కాము! నాకు 43 నిమిషాలు పట్టింది. 4 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కొన్నిచోట్ల ఆదివారాలు రెండు కిలోమీటర్ల పరుగు విడిగా ఉంటుంది. మావాళ్లిద్దరూ దానికి వెళ్తున్నారు.

ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే 41 వచ్చింది. ఇదంతా పరుగు మహిమే అనను. రాత్రి అన్నం సగానికి తగ్గించి, ఆ మేరకు కూర, పప్పు పెంచాను. రెండూ కలిసి చేసిన పని ఇది. పరుగు మానేస్తే ఆ అంకె మళ్లీ పెరగవచ్చని కూడా తెలుసు. అందుకే వారానికి ఆ మూడు అరగంటలు మా ఇంటి క్యాలెండర్లో పిల్లల ఈత క్లాసుల పక్కనే రాసి ఉంటాయి. ఆ టైములో మా వారు నాకు ఇంకో పని చెప్పరు, నేనూ పెట్టుకోను.

షుగరు మందులు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్లు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆగిపోండి. మిగతావాళ్లకు కావలసింది ఒక జత మంచి బూట్లు, వారంలో మూడు అరగంటలు. బరువు తగ్గాక, చలి తగ్గాక, పిల్లలు పెద్దయ్యాక అని ఆగనక్కర్లేదు. మొదటి రోజు అడిగేది అరవై సెకన్లే.