సరకుల రాకపోకలు – నగరముల గాలి

నంద్యాల జిల్లా గడివేముల మండలములోని గని గ్రామము, పొరుగుననున్న శకునాల గ్రామముల భూములలో, దాదాపు 5,900 ఎకరముల మేర సౌరఫలకములు పరచియున్నవి. 2017లో సిద్ధమైన ఈ విద్యుత్కేంద్రము సామర్థ్యము 1,000 మెగావాట్లు. దీనికి పొగగొట్టము లేదు. అయితే ఇట్టి ఫలకములు పొగ లేకయే తయారగునా? ఆ కాలమున మన దేశములో వాడిన ఫలకములలో అధికభాగము చైనానుండి దిగుమతి యైనవి. వానిలోని సిలికానును శుద్ధిచేయుటకు విద్యుత్తు విస్తారముగా కావలెను. అక్కడ ఆ విద్యుత్తు చాలవరకు బొగ్గును కాల్చి పుట్టించినదే. సరకు మనకు చేరినది. పొగ అక్కడనే మిగిలినది.

సుంకములు తగ్గించి విదేశవర్తకమునకు ద్వారములు తెరచినచో నగరముల గాలి చెడునా, బాగుపడునా? గ్రాస్‌మన్, క్రూగర్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞులు 1991లో ఈ ప్రశ్నను మూడు భాగములుగా విడదీసి పరిశీలించిరి.

మొదటిది పరిమాణము. వర్తకము పెరిగినకొలది ఉత్పత్తి, రవాణా పెరుగును. విశాఖపట్టణమును చూడుడు. 1933లో ప్రారంభమైన అచ్చటి ఓడరేవు నేడు నగరము నడుమ నున్నది. చుట్టును కొండలుండుటచే ఆ స్థలము పళ్లెమువలె నుండును. ఓడలనుండి దింపు బొగ్గు, ఓడలకెక్కించు ఇనుపఖనిజము రేపిన ధూళి అక్కడినుండి సులభముగా వెడలిపోదు. లాభము పలుచోట్లకు పోవును. ధూళి మాత్రము రేవు ప్రక్కనున్న ఇండ్లమీదనే పడును.

రెండవది కూర్పు. వర్తకమువలన ఒక దేశములో కొన్ని పరిశ్రమలు పెరుగును, కొన్ని తగ్గును. పొగ విడుచు పరిశ్రమ తరలిపోయిన చోట గాలి తేటపడును, అది చేరిన చోట మసకబారును. సౌరఫలకముల విషయమిట్టిదే.

మూడవది సాంకేతికము. మేలైన యంత్రములు, పద్ధతులు కూడ ఎల్లలు దాటి వచ్చును. ఐరోపా ప్రమాణముల ననుసరించి మన వాహనములకు భారత్ స్టేజి నియమములు ఏర్పడినవి. నాలుగవ స్టేజి హైదరాబాదులో 2010లోను, ఆరవ స్టేజి దేశమంతట 2020 ఏప్రిలులోను అమలులోనికి వచ్చినవి. ఈ మార్పుతో డీజిలులో గంధకపు హద్దు పదిలక్షల పాళ్లకు 50 నుండి 10కి దిగినది. అయినను బండ్ల సంఖ్య మితిమీరినచో ఈ మేలు కరగిపోవును.

ఈ మూడింటిలో ఏది బలవత్తరమో దానినిబట్టి గాలి యుండును. 2.5 మైక్రోమీటరులకు మించని సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతులకు పోయి రక్తములో కూడ చేరగలవు. ఘనమీటరు గాలిలో వీని సంవత్సరపు సగటు 40 మైక్రోగ్రాములు మించరాదని మన ప్రమాణము; 5 మించరాదని 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. కావున సుంకము తగ్గించునపుడే రేవులలో బొగ్గుకుప్పలను కప్పి తడుపుట, పొగగొట్టములకు వడపోత యంత్రములు అమర్చుట, బండ్లను తనిఖీ చేయుట మొదలగు ఏర్పాట్లు కూడ జరుగవలెను. చౌకగా వచ్చిన సరకునకు ఎవరి ఊపిరియో వెల కారాదు.