కష్టాల్లో కాస్త నవ్వు

మొగల్తూరు పార్వతీశం బారిస్టరు చదువు కోసం ఇంగ్లండు బయలుదేరి, దారి పొడవునా పడ్డ పాట్లను మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1924లో మనకు అందించారు. ఆ పాట్లు చదివి ఇప్పటికీ నవ్వుతున్నాం. ముళ్ళపూడి వెంకటరమణగారి అప్పుల అప్పారావయితే మన వృత్తికి మరీ దగ్గరివాడు. పుస్తకంలో అతన్ని చూసి పగలబడి నవ్వుతాం. అలాంటి ఖాతాదారు నిజంగానే లోన్ల కౌంటరు ముందు కూర్చుంటే మాత్రం నవ్వు రాదు, చెమట వస్తుంది.

ఎందుకిలా? పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. జరగాల్సిన పద్ధతిలో జరగనిది ఏదో ఉండాలి, దానివల్ల మనకు ప్రమాదం లేదన్న భరోసా కూడా ఉండాలి. రెండూ ఒకేసారి కలిస్తే నవ్వు పుడుతుంది. పద్ధతి తప్పకపోతే విసుగు, భరోసా లేకపోతే భయం.

మా ఇంట్లో ఇది అనుభవమే. రాజమండ్రి నుంచి భిలాయికి బదిలీ అయి, జనవరి చలిలో రిసాలిలో దిగాం. సామాను లారీ దారిలో చెడిపోయి నాలుగు రోజులు ఆలస్యమైంది. సామాను సర్దినవాళ్ళు కుక్కరును మా కారులో పెట్టి, దాని మూతను లారీకి ఎక్కించారు. దుప్పట్లూ లారీలోనే. మా దగ్గర మిగిలినవి ఆవకాయ జాడీ, మా ఆవిడ పట్టుచీరల పెట్టె. ఆ నాలుగు రాత్రులూ ఇంటిల్లిపాదీ ధర్మవరం, ఉప్పాడ కప్పుకుని పడుకున్నాం. నేను ఎంబీఏలో సంక్షోభ నిర్వహణ చదివాను. మూత లేని కుక్కరు మీద అందులో ఒక్క పేజీ లేదు. మొదటి రాత్రి ఎవరికీ నవ్వు రాలేదు. పిల్లకు జలుబు చేస్తుందేమోనన్న భయమే. లారీ వచ్చింది, పిల్ల బాగానే ఉంది. అప్పటినుంచి అదే మా ఇంట్లో అందరూ అడిగి చెప్పించుకునే కథ. జరిగింది మారలేదు, భరోసా ఒక్కటే వచ్చి చేరింది.

రిసాలి లాంటి ఊళ్ళో నవ్వుకు ముడిసరుకు పుష్కలం. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి భిలాయి అన్ని రాష్ట్రాలవాళ్ళకూ ఊరైంది. మన తెలుగువాళ్ళూ ఎందరో వచ్చి స్థిరపడ్డారు. నాలుగు భాషలు ఒకే వీధిలో కాపురముంటే తమాషాలకు కొదవ ఉండదు. మా అమ్మ వచ్చిన కొత్తలో ఇంట్లో కందిపప్పు నిండుకుంది. పక్కింటావిడను తనకు వచ్చిన హిందీలో "పప్పు హై క్యా?" అని అడిగింది. హిందీవాళ్ళలో పప్పూ, గుడ్డూ పిల్లల ముద్దుపేర్లు. ఆవిడ "పప్పూ స్కూల్ గయా" అంది. అమ్మ పట్టు వదల్లేదు. "పోనీ, గుడ్డు?" "గుడ్డూ భీ స్కూల్ గయా." అమ్మ ఇంటికొచ్చి, "ఇదేం ఊరురా! పప్పునీ గుడ్డునీ కూడా బడికి పంపుతారా?" అంది. ఆ వేళ నుంచి ఇద్దరూ స్నేహితులు. ఇప్పుడు సాయంత్రం పిల్లలు రాగానే ఆవిడే గోడ మీంచి, "అమ్మాజీ, పప్పూ ఆ గయా!" అని కేకేస్తుంది.

అయితే ప్రతి నవ్వూ ఇలా మనుషుల్ని కలపదు. భరతముని నాట్యశాస్త్రంలో స్మితం నుంచి అతిహసితం దాకా నవ్వును ఆరు రకాలుగా విభజించాడు. నవ్వే తీరును బట్టి మనిషి స్థాయినీ చెప్పాడు. మన కాలంలో, 2003లో, కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాడ్ మార్టిన్ బృందం హాస్యాన్ని నాలుగు ధోరణులుగా చూసింది: నలుగురినీ కలిపేది, కష్టంలో తనకు ధైర్యమిచ్చేది, ఎదుటివారిని గాయపరిచేది, తనను తానే కించపరుచుకునేది.

ఈ తేడా నాకు కళ్ళకు కట్టింది ఒక నవంబరులో. పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రం ఇచ్చే రోజులవి. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన యంత్రం మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా గుర్తు పడడం లేదు. వరసలో ఉన్న ఒక కుర్రాడు, "తాతగారు ఉన్నారో లేరో యంత్రానికే అనుమానంగా ఉంది!" అన్నాడు. పెద్దాయన తల దించుకున్నాడు. ఆయనకు అది వేళాకోళం కాదు, నెలనెలా వచ్చే మందుల డబ్బు. హాలంతా నిశ్శబ్దం. కాసేపటికి ఆయనే తలెత్తి, "బాబూ, ముప్ఫై ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేశాను. నా వేలిముద్రలు ఇక్కడ దొరకవు. ఏ రైలు పట్టా మీదో వెతికించండి" అన్నాడు. భిలాయి పట్టాల మీద దేశమంతా రైళ్ళు నడుస్తున్నాయి మరి! అందరూ నవ్వారు, ఆ కుర్రాడితో సహా.

రెండు మాటలూ ఒకే యంత్రం మీద, ఒకే వేలి మీద. మొదటిది ఆయన భరోసాను లాక్కుంది. రెండోది ఆయన గౌరవాన్ని ఆయనే తిరిగి తెచ్చుకున్న మాట. తన కష్టం మీద జోకు వేసే హక్కు ముందుగా ఆ కష్టం పడేవారిదే.

ఇంకో సంగతి. ఆ నవ్వుతో పని అయిపోలేదు. నవ్వేసి "రేపు రండి" అని పంపితే అది హాస్యం కాదు, తప్పించుకోవడం. ఆయన చేత కాగితం మీద జీవన ప్రమాణ పత్రం రాయించి, ఎదురుగా సంతకం తీసుకున్నాం. 2021 నవంబరు నుంచి ముఖాన్ని గుర్తించే పద్ధతి కూడా రావడంతో, అరిగిపోయిన వేళ్ళవాళ్ళకు చాలా ఊరట.

ఇంట్లోనూ ఇదే లెక్క. పరీక్ష పోయిన రోజునే పిల్లవాడి మీద జోకు వేయకండి, వాడికింకా భరోసా రాలేదు. ముందు అన్నం పెట్టండి, దారి చూపండి. నాలుగు రోజులాగితే వాడే ఆ కథ నవ్వుతూ చెబుతాడు. అప్పుడు మనం మనసారా నవ్వవచ్చు.