అంచులో దాగిన మందు

దీపావళికి నాలుగు రోజుల ముందే పెదవేగిలో మా మేడ మీద చాప పరిచేవాళ్ళం. మతాబులు, చిచ్చుబుడ్లు ఒక వరుస, రీలు తుపాకీలో పెట్టుకునే ఎర్ర కాయితపు చుట్టలు ఇంకో వరుస. కొల్లేటి వైపు నుంచి వచ్చే గాలిలో చెమ్మ ఎక్కువ, బాగా ఎండకపోతే చుట్ట తుస్సుమంటుందని అమ్మమ్మ చెప్పేది. ఎంత ఎండబెట్టినా చుట్టకు నాలుగైదు మందు చుక్కలు పేలేవి కావు. మీట నొక్కితే టిక్‌మనేది, అంతే. అప్పుడు ఆ చుక్క దగ్గర కాయితం చింపి, అరుగు మీద పెట్టి, రాయితో కొట్టేవాళ్ళం.

ఆ టిక్ చప్పుడే మళ్ళీ ఏలూరులో కాలేజీ చదివే రోజుల్లో విన్నాను. ఎన్‌సీసీ శిబిరంలో ఫైరింగ్. నేల మీద బోర్లా పడుకుని, భుజానికి పాయింట్ టూటూ రైఫిల్ ఆనించి, 25 గజాల దూరాన ఉన్న టార్గెట్ మీదికి ఐదు రౌండ్లు కాల్చాలి. రెండు పేలాయి. మూడోది టిక్‌మంది. చెయ్యి తనంతట తనే బోల్టు మీదికి పోయింది. పక్కనే ఉన్న హవల్దారుగారు నా మణికట్టు పట్టుకున్నారు. శ్రీకాకుళం మనిషి. ‘‘కదలొద్దు. గొట్టం ముందుకే ఉండనీ. ముప్ఫై లెక్కపెట్టు’’ అన్నారు. లెక్కపెట్టాక ఆయనే బోల్టు తెరిచి తూటా బయటికి తీసి చూపించారు. ఇత్తడి అంచు మీద గోటితో నొక్కినట్టు లోతైన నొక్కు ఉంది. ‘‘తుపాకీ సూది తన పని చేసింది, తూటాయే చెయ్యలేదు’’ అన్నారు.

ఎందుకు చెయ్యలేదు? దాని జవాబు ఆ అంచులోనే ఉంది.

పెద్ద తుపాకుల తూటాలకు అడుగున నడిమధ్య చిన్న గిన్నెలాంటి టోపీ ఉంటుంది. నిప్పు పుట్టించే మందు అందులో ఉంటుంది, సూది అక్కడే కొడుతుంది. పాయింట్ టూటూ తూటాకు ఆ టోపీ లేదు. డొప్ప అడుగున ఇత్తడిని బయటికి మడిచి బోలు అంచు చేస్తారు. దాని వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు. ఆ సన్నని బోలులోనే చుట్టూతా మందు ఉంటుంది. సూది వచ్చి అంచును ఒకచోట నలిపితే లోపలి మందు రాపిడికి భగ్గుమంటుంది. ఆ మంట డొప్పలోని పొడిమందుకు అంటుకుని, పుట్టిన వాయువు 2.6 గ్రాముల సీసపు గుండును ముందుకు తోస్తుంది. అంచు మీద కొడితే పేలుతుంది కాబట్టే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు.

దీనిది పాత వంశం. 1845లో ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ అనే తుపాకుల తయారీదారు ఇంట్లో గురి సాధన చేసుకోవడానికి ఇలాంటి చిన్న తూటా చేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ తమ మొదటి రివాల్వర్ కోసం పాయింట్ టూటూ షార్ట్ తెచ్చారు. ఇప్పుడు మనం వాడే లాంగ్ రైఫిల్ రకం 1887 నాటిది. విడి టోపీ అక్కర్లేదు, ఇత్తడి పలచన, మందు కొంచెం. అందుకే తూటాల్లో ఇదే చవక. ఆ చవకే దీని బలం, అందులోనే దీని బలహీనతా ఉంది.

అంచులోకి మందు ఎలా వెళ్తుందో చూస్తే బలహీనత అర్థమవుతుంది. తడి ముద్దగా ఉన్న మందును ప్రతి డొప్ప అడుగునా చిటికెడు వేస్తారు. తర్వాత డొప్పను గిర్రున తిప్పుతారు. తడిసిన గొడుగును తిప్పితే నీళ్ళు అంచుల వైపు పరుగెత్తినట్టే, ఆ ముద్ద చుట్టూ ఉన్న బోలులోకి పాకుతుంది. తర్వాత ఆరుతుంది. ముద్ద కాస్త గట్టిపడినా, కొలత తగ్గినా, తిప్పడం చాలకపోయినా అంచులో ఒకవైపు మందు దట్టంగా చేరి ఇంకోవైపు ఖాళీ మిగులుతుంది. బయటి నుంచి చూస్తే ఆ ఖాళీ కనిపించదు. సూది సరిగ్గా ఆ ఖాళీ మీద పడిందా, టిక్. అదే తూటాను కాస్త తిప్పి మళ్ళీ పెడితే, సూది మందు ఉన్నచోట తగిలి చాలాసార్లు పేలుతుంది. లోపం మందు పరుచుకున్న తీరులో ఉండొచ్చనడానికి అదొక సూచన.

అయితే పేలని ప్రతి తూటా తప్పూ తూటాది కాదు. నొక్కును చూస్తే దోషి ఎవరో చాలావరకు తెలిసిపోతుంది. నొక్కు లోతుగా, స్పష్టంగా ఉంటే మందును అనుమానించాలి. పైపైన ఉంటే తుపాకీని అనుమానించాలి. స్ప్రింగు బలం తగ్గి ఉండొచ్చు, సూది మొన అరిగి ఉండొచ్చు, పాత నూనె జిడ్డు సూది దారికి అడ్డుపడి ఉండొచ్చు. మూడో సంగతి కూడా ఉంది. గుండు మీది మైనం, గొట్టంలోని మసి కలిసి తూటాను పూర్తిగా లోపలికి పోనివ్వవు. అప్పుడు మొదటి దెబ్బ తూటాను లోపలికి నెట్టడానికే సరిపోతుంది. పేలేది రెండో దెబ్బకు.

మరి చవక డబ్బాల్లో ఈ ఇబ్బందులు ఎందుకు ఎక్కువ? అమెరికాలాంటి చోట్ల 500కు పైగా తూటాలు ఒకే డబ్బాలో వదులుగా పోసి అమ్ముతారు. పోటీల కోసం చేసే తూటాలు యాభై యాభైగా, దేని గుంటలో అది కూర్చుని వస్తాయి. వదులు డబ్బాలో మెత్తని సీసపు గుండ్లు ఒకదాన్నొకటి రాసుకుని సొట్టలు పడతాయి. డొప్పలో గుండు పట్టు సన్నం కాబట్టి కొన్ని పక్కకు ఒరుగుతాయి. ధర తగ్గాలంటే యంత్రం వేగంగా తిరగాలి, పరీక్షలు తగ్గాలి, ఇంత తేడా ఫరవాలేదనుకునే హద్దు పెరగాలి. ఒక్కో తూటాకు మందు కొలత కాస్త అటూఇటూ అవుతుంది. ఏ ఒక్కటీ చెడ్డది కాకపోవచ్చు. కానీ ఏ రెండూ ఒకలా ఉండవు.

ఈ మాట కొల్లేటి రైతుకు వివరించి చెప్పనక్కర్లేదు. రొయ్యల్ని కౌంటు ప్రకారం కొంటారు, కిలోకి ఎన్ని తూగుతాయన్నదాన్ని బట్టే ధర. చిన్నా పెద్దా కలిసిన పట్టుబడికి ధర పడిపోతుంది. రొయ్య మంచిదే, సరుకు మాత్రం సమంగా లేదు. తూటాల విషయంలోనూ మనం డబ్బు పెట్టి కొనేది ఆ సమత్వాన్నే.

సమత్వం తప్పితే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, ఇంచుమించు చూపుడు వేలి గోరంత. సెకనుకు 320 మీటర్ల వేగంతో వెళ్ళే గుండు అంతదూరం చేరేలోపు, గాలి అడ్డును పక్కన పెట్టి లెక్కేస్తే, సుమారు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ దిగుడుకు తగ్గట్టే గురి సరిచేసి ఉంచుతారు. తర్వాతి తూటా 310 మీటర్లతోనే వెళ్తే మరో 8 మిల్లీమీటర్లు దిగి వలయం అంచుకు చేరుతుంది. తేడా 20 మీటర్లైతే ఆ అదనపు దిగుడు సుమారు 16 మిల్లీమీటర్లకు పెరిగి, పది చేజారుతుంది. కన్ను కదల్లేదు, ఊపిరి తప్పలేదు, వేలు తడబడలేదు. అయినా పాయింటు పోయింది.

పిస్టల్ పోటీల్లోనూ తూటా మీద ఇంతే ఆధారపడాలి. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. స్వర్ణం 25 మీటర్ల పిస్టల్ టీమ్ విభాగంలో వచ్చింది. ఆ పోటీలో వాడేది ఈ పాయింట్ టూటూ తూటానే. అందులో వేగంగా కాల్చే దశలో ఒక్కో గుండుకు దొరికేది 3 సెకన్లు. ఆ పిస్టల్ తనంతట తానే ఖాళీ డొప్పను విసిరేసి తర్వాతి తూటాను ఎక్కించుకోవాలి, దానికి కావలసిన బలం పేలిన తూటా నుంచే రావాలి. మందు తగ్గిన తూటా పేలినా సరిగ్గా తన్నదు, ఖాళీ డొప్ప మధ్యలో ఇరుక్కుంటుంది. మళ్ళీ కాల్చుకునే వీలు నిబంధనల్లో ఉన్నా, తెగిన ఏకాగ్రతను ఏ నిబంధనా తిరిగి ఇవ్వదు. అందుకే పైస్థాయి షూటర్లు ఈలీ, లాపువా లాంటి కంపెనీల పరీక్షా కేంద్రాలకు తమ తుపాకీ తీసుకెళ్ళి, దాన్ని చట్రంలో బిగించి, ఒకే రకం తూటాల్లోనే వేర్వేరు బ్యాచీలు కాల్చి చూస్తారు. ఏ బ్యాచీ గుండ్లు దగ్గర దగ్గరగా పడితే ఆ బ్యాచీనే కొనుక్కుంటారు.

మామూలు సాధనకు అంత ఖర్చు అక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతికి చవక తూటా ఇవ్వడంలో తప్పు లేదు. దాని స్వభావం తెలిసి ఇవ్వాలి. తూటాలు తడి తగలని చల్లటి చోట, వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. తుపాకీకి వాడే నూనె వాటికి అంటకూడదు, అది లోపలికి పాకితే మందు చచ్చిపోతుంది. గుండు సీసమే, నిప్పు పుట్టించే మందులోనూ మామూలుగా సీసపు సమ్మేళనమే ఉంటుంది. కాబట్టి ఫైరింగ్ అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టుకోకూడదు.

ఇక పేలని తూటా. కొన్నిసార్లు మందు నిదానంగా అంటుకుని ఒక్క క్షణం ఆలస్యంగా పేలుతుంది. ఆ క్షణంలో గొట్టం పక్కకు తిరిగినా, బోల్టు తెరిచినా ప్రమాదమే. అందుకే ముప్ఫై సెకన్లు ఆగడం. ఇంకా పెద్ద ప్రమాదం నీరసంగా ‘ఫట్’మన్న తూటాది. దాని గుండు గొట్టంలోనే ఇరుక్కుపోయి ఉండొచ్చు. దాని వెనక ఇంకొకటి కాలిస్తే గొట్టమే పగలొచ్చు. చప్పుడు తేడాగా వినబడితే ఆపేసి, తూటాలు తీసేసి, గొట్టం ఖాళీగా ఉందని తెలిసినవాళ్ళు చూశాకే మళ్ళీ మొదలుపెట్టాలి.

ఆ సాయంత్రం శిబిరంలో ఖోఖాలు, అంటే ఖాళీ డొప్పలు, లెక్కపెట్టి అప్పజెప్పాం. నా వంతు నాలుగు ఖాళీలు, నొక్కు పడిన ఒక తూటా. హవల్దారుగారు దాన్ని మిగతావాటిలో కలపలేదు. విడిగా పెట్టి, పుస్తకంలో విడిగా రాసుకున్నారు.

ఇప్పుడూ దీపావళికి మా మేడ మీద చాప పరుస్తాం. పిల్లల చేతిలో చుట్ట టిక్‌మంటుంది. వెంటనే రాయి కోసం వంగుతారు, ఒకప్పుడు నేను వంగినట్టే. వాళ్ళ మణికట్టు పట్టుకుని ముప్ఫై లెక్కపెట్టమంటాను. లెక్క పూర్తయ్యాక ఆ చుక్కను చింపి, పక్కనున్న నీళ్ళ బకెట్లో వేస్తాం.